సూపర్‌ఛార్జ్‌డ్ సీ200కి స్ప్రింగుల వేట: తార్నాక ఇంటి డైరీ

జూన్ 22, ఆదివారం

నిన్న అమ్మను నా మెర్సిడెస్ సీ200 కారులో సూర్యాపేట నుంచి తీసుకొస్తుంటే, నార్కట్‌పల్లి దాటాక ముందు ఎడమ చక్రం దగ్గర "టక్" మని ఒకే ఒక్క చప్పుడు వచ్చింది. అక్కడి నుంచి ఇల్లు చేరేదాకా ప్రతి గుంతకీ ఇనుము ఇనుమును గీరుతున్న శబ్దం. అమ్మ వెనక సీట్లో తలుపు పైన పిడి పట్టుకుని కూర్చుంది. చిట్యాలలో ఆగి టీ తాగుదామంటే, "ఆపకు నాన్నా, ఎక్కి దిగితే మోకాలికి ఇంకా కష్టం" అంది.

ఈరోజు పొద్దున చక్రం విప్పి టార్చ్ వేసి చూశాను. స్ప్రింగు కింది చివర, కప్పులో కూర్చునే చోట, అరచేతి పొడవు ముక్క విరిగి పక్కకు జరిగింది. విరిగిన ముఖం సగం ఎర్రగా తుప్పు పట్టి ఉంది, సగం కొత్త ఇనుములా మెరుస్తోంది. అంటే పగులు ఎప్పుడో మొదలైంది, నిన్న పూర్తయింది. పెయింట్ లేచిన చోట నీళ్లు చేరి చిన్న గుంట పడుతుంది, ఆ గుంటలోంచే పగులు నడుస్తుంది. ఈ తరం మెర్సిడెస్ స్ప్రింగులకు ఇది తరచూ వచ్చే జబ్బు.

బండి వివరం ఒకసారి రాసి పెట్టుకుంటాను. 2007 మోడల్ సీ200 కొంప్రెస్సర్ (సూపర్‌ఛార్జర్ ఉన్న బండ్లకి మెర్సిడెస్ పెట్టిన పేరు), డబ్ల్యూ203 బాడీ (ఆ తరం సీ క్లాస్‌కి కంపెనీ కోడ్), ఆటోమేటిక్. 1796 సీసీ ఎం271 ఇంజను, దానికి బెల్టుతో తిరిగే ఈటన్ ఎం45 సూపర్‌ఛార్జర్, అంటే ఇంజనులోకి గాలిని ఒత్తిడితో తోసే పంపు. 163 హార్స్‌పవర్, 240 న్యూటన్ మీటర్ల టార్క్. 2018లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. 2022లో పదిహేనేళ్లు నిండితే ఆర్సీ రెన్యువల్ చేయించాను, మళ్లీ 2027లో ఫిట్‌నెస్‌కి వెళ్లాలి.

స్ప్రింగులు ఎలాగూ కొనాలి. కొన్న రోజు నుంచీ ఈ బండిని కొంచెం కిందికి దించాలని కోరిక. ముందు చక్రం పైన నాలుగు వేళ్లు దూరేంత సందు ఉంటుంది. అవుటర్ రింగ్ రోడ్డు దిగే ర్యాంపుల మీద బండి పక్కకు వాలి, నిదానంగా తేరుకుంటుంది. ఇంజనుకి ఉన్న చురుకు కింద సస్పెన్షన్‌కి లేదు. సూపర్‌ఛార్జర్ కదా, టర్బోలా ఊపిరి పీల్చుకునే వ్యవధి ఉండదు. పెడల్ నొక్కీ నొక్కగానే ముక్కు పైకి లేస్తుంది, వెనక కూర్చుంటుంది.

జూన్ 28, శనివారం

నాచారంలో నేను ఎప్పుడూ వెళ్లే మేస్త్రీ దగ్గర. కబాడీలో దొరికిన ఇదే మోడల్ పాత ముందు స్ప్రింగుల జత తాత్కాలికంగా బిగించాడు. బండి నడుస్తోంది, తొందర లేదు.

దించాలని చెప్పగానే, "అన్నా, కొత్తవి ఎందుకు? ఉన్నవే చుట్టున్నర కోసేద్దాం. గంట పని" అన్నాడు. పదేళ్లుగా నా బండ్లు చూస్తున్న మనిషి, నా డబ్బు మిగలాలనే చెప్పాడు. ఊళ్లో సగం కిందికి దించిన బండ్లకు జరిగింది ఇదే. కానీ నాకు ఇష్టం లేదని చెప్పి, ఎందుకో కూడా చెప్పాను. చుట్టు కోస్తే స్ప్రింగు పొట్టిదవుతుంది, గట్టిదీ అవుతుంది, అంతవరకు నిజమే. అయితే కోసిన చివర కప్పు ఆకారానికి సరిపడదు. ఆ చివర ఒక్క చోటే ఒత్తిడి పడి, ఇప్పుడు విరిగినట్టే మళ్లీ విరుగుతుంది. గ్యాస్ కటింగ్‌తో కోస్తే ఆ వేడికి దగ్గరి చుట్టు బిరుసు పోతుంది. పైగా బండిని జాకీ మీద లేపినప్పుడు స్ప్రింగు కప్పులో వదులుగా ఆడుతుంది. పెద్ద గుంతలో చక్రం జారినప్పుడు కూడా అదే జరుగుతుంది. వదులైన స్ప్రింగు పక్కకు జరిగి కూర్చుంటే ఏమవుతుందో నేను రోడ్డు మీద తెలుసుకోదలచుకోలేదు.

మేస్త్రీ విని, "అయితే లెక్క నువ్వు తే అన్నా, బిగించేది నేను" అన్నాడు. మంచి ఒప్పందం.

జూలై 5, శనివారం

నాచారం పారిశ్రామికవాడ దగ్గర ధర్మకాంటాకి పొద్దున ఆరున్నరకే వెళ్లాను, లారీల వరుస మొదలవకముందే. ట్యాంకు నిండా పెట్రోలు, లోపల ఎవరూ లేరు. మొత్తం 1510 కిలోలు. ముందు చక్రాలు మాత్రమే కాంటా మీద ఉంచితే 800. వెనకవి మాత్రమే ఉంచితే 710. కాంటా అబ్బాయి రెండు స్లిప్పులకి డబ్బు తీసుకుని మూడోది ఊరికే ఇచ్చాడు. "కారుకి ఎందుకు సార్, ఇసుకేమైనా తెస్తున్నారా?" అని అడిగాడు. స్ప్రింగులు ఎంచుకోవడానికి అని చెబితే ఆసక్తిగా విన్నాడు.

ఈ తూకం ఎందుకంటే, మెర్సిడెస్ వాళ్లు కూడా ఈ కారుకి స్ప్రింగు ఇలాగే ఎంచుతారు. ఒకే మోడల్‌కి ఒకే స్ప్రింగు ఉండదు. ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌కి ఇన్ని పాయింట్లు, సన్‌రూఫ్‌కి ఇన్ని, ఏసీకి ఇన్ని అని కూడి, ఆ మొత్తాన్ని బట్టి స్ప్రింగు నంబరు, దాని మీద కూర్చునే రబ్బరు ప్యాడ్ మందం నిర్ణయిస్తారు. ప్యాడ్ అంచున చిన్న బొడిపెలు ఉంటాయి. ఒక బొడిపె అంటే సన్నది, బొడిపెలు పెరిగేకొద్దీ మందం. నా బండి వెనక రెండు బొడిపెల ప్యాడ్లు ఉన్నాయి. ఈ ప్యాడ్లే తర్వాత నన్ను ఒడ్డున పడేస్తాయని ఈరోజుకి తెలియదు. (ఈ వాక్యం ఆగస్టులో చేర్చాను.)

సాయంత్రం మేస్త్రీ దగ్గర అసలు పని. వెనక స్ప్రింగు తీసేసి, ఖాళీ చక్రాన్ని జాకీతో నెమ్మదిగా పైకి లేపాం. బంప్ స్టాప్ (చక్రం ఇంక పైకి రాకుండా ఆపే రబ్బరు దిమ్మ) తాకిన చోట ఆపి, చక్రం మధ్య నుంచి ఫెండర్ (చక్రం పైన ఉండే రేకు) అంచుకి టేపు పెట్టాను. బండి నేల మీద నిలబడినప్పటి కొలతతో పోలిస్తే తేడా 60 మి.మీ. అంటే వెనక చక్రం 60 మి.మీ. పైకి వస్తే బంప్ స్టాప్ తగులుతుంది. ముందు 55.

ఈ రెండు అంకెలు నోట్‌బుక్కులో ఎర్ర పెన్నుతో రాసుకున్నాను. బండిని దించడం అంటే ఈ 60, 55లోంచి ఖర్చు పెట్టడమే. ఎంత దించామన్నది కాదు, దించాక ఎంత మిగిలిందన్నదే స్ప్రింగును ఎంచాలి.

జూలై 12, శనివారం

బాలానగర్‌లో స్ప్రింగులు చుట్టే చిన్న యూనిట్. యంత్రాలకు, ప్రెస్సులకు కావలసిన స్ప్రింగులు చేస్తారు. టెస్టింగ్ మెషీన్ ఉంది: స్ప్రింగును నిలబెట్టి ఒక్కో 10 మి.మీ. నొక్కుతూ ఎంత బరువు మోస్తుందో డయల్ మీద చూపిస్తుంది. విరగని కుడి ముందు స్ప్రింగు, ఒక వెనక స్ప్రింగు సంచిలో తీసుకెళ్లాను.

ముందుది మి.మీ.కి 21.6 న్యూటన్లు (సుమారు పది న్యూటన్లంటే ఒక కిలో బరువు). వెనకది 51. వెనకది ఇంత గట్టిగా ఎందుకంటే అది చక్రం మీద నేరుగా లేదు, కింది ఆర్మ్ మధ్యలో కూర్చుంటుంది. పోయిన వారం జాకీతో చక్రం 50 మి.మీ. లేపితే స్ప్రింగు 32 మి.మీ. మాత్రమే నలిగింది. నిష్పత్తి 0.64. స్ప్రింగు నలిగేదీ తక్కువే, దాని బలంలో చక్రానికి చేరేదీ తక్కువే కాబట్టి, దాన్ని దానితోనే గుణిస్తే 0.41. అంటే స్ప్రింగు దగ్గర 51 ఉంటే చక్రం దగ్గర దాదాపు 21 మాత్రమే. ముందు స్ట్రట్‌లో (షాకప్, స్ప్రింగు ఒకటిగా ఉండే నిలువు భాగం) నిష్పత్తి 0.95, అందుకే 21.6 అక్కడ చక్రం దగ్గర 19.5 అవుతుంది. స్ప్రింగుల అంకెలు పక్కపక్కన పెట్టి "వెనకది రెట్టింపు గట్టి" అనుకునేవాళ్లు ఈ ఒక్క మెట్టు దాటేస్తారు.

మెషీన్‌కి ముందు ఇంట్లో వెర్నియర్‌తో కొలిచి లెక్కగట్టాను కూడా. తీగ మందం నాలుగుసార్లు దానితోనే గుణించి, చుట్టు వ్యాసం మూడుసార్లు గుణించి భాగించే పాత సూత్రమే. మొదటిసారి లెక్క 9 శాతం ఎక్కువ వచ్చింది. కారణం పెయింట్. తీగ 13.5 మి.మీ., పెయింట్‌తో 13.8. నాలుగో ఘాతం కాబట్టి 0.3 మి.మీ. తేడాయే 9 శాతం అయి కూర్చుంది. గీకి, మళ్లీ కొలిచాక మెషీన్‌తో సరిపోయింది.

యూనిట్ పెద్దాయన టెస్టుకి 400 తీసుకున్నారు. విరిగిన ముక్క చూపిస్తే చాలాసేపు తిప్పి తిప్పి చూసి, "కోత కాదు, తుప్పు" అని ఒక్క మాట అన్నారు.

జూలై 13, ఆదివారం

లష్కర్ బోనాలు. రాణిగంజ్‌లో దుకాణాలు చూద్దామనుకున్నాను, సికింద్రాబాద్ వైపు వెళ్లే దారే లేదు. ఇంట్లోనే కూర్చుని లెక్కలు వేశాను. అమ్మ పక్కన చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, మధ్యమధ్య "తేలిందా?" అని అడుగుతోంది.

ముందు ఒక్కో మూలన స్ప్రింగు మోసే బరువు 360 కిలోలు. 400లోంచి చక్రం, బ్రేకు లాంటివి 40 తీసేశాను. వెనక 315. దీన్నిబట్టి బండి ఊగే వేగం: ముందు సెకనుకి 1.17 సార్లు, వెనక 1.30 సార్లు. వెనకది ఎక్కువ ఉండటం యాదృచ్ఛికం కాదు. 1930లలో అమెరికన్ కార్ల కంపెనీ కాడిలాక్‌లో పనిచేసిన మారిస్ ఓలీ తేల్చిన విషయం ఇది. గతుకు ముందు చక్రాలకు ముందు తగులుతుంది, వెనక చక్రాలకు కాస్త ఆలస్యంగా. వెనక భాగం కొంచెం వేగంగా ఊగితే ఆ ఆలస్యాన్ని అందుకుని రెండూ కలిసి సర్దుకుంటాయి. ఇది తిరగబడితే బండి తల ఊపుతూనే ఉంటుంది. వెనక సీట్లో కూర్చున్నవాళ్లకి కడుపులో తిప్పేది అదే.

ఇక మనుషుల లెక్క. వెనక ముగ్గురు, డిక్కీలో సామాను కలిపి వెనక యాక్సిల్ మీద 200 కిలోలు అదనం అనుకుంటే, ఒక్కో చక్రానికి 100 కిలోలు. ఇప్పటి స్ప్రింగుతో వెనక 47 మి.మీ. కూర్చుంటుంది. 60లో 47 పోతే 13 మిగిలింది. కంపెనీ ఎత్తులో కూడా నిండు బండికి మిగిలేది అంతే.

దాని మీద సూపర్‌ఛార్జర్. గట్టిగా తొక్కితే మొదటి గేరులో 0.4 జీ (గురుత్వ త్వరణంలో 0.4 వంతు) దాకా వస్తుందనుకున్నాను. డ్రైవర్‌తో 1580 కిలోలు, బరువు కేంద్రం నేల నుంచి 55 సెం.మీ. అని అంచనా, వీల్‌బేస్ 2715 మి.మీ. ముందు నుంచి వెనకకు జరిగే బరువు సుమారు 1250 న్యూటన్లు. ఒక్కో వెనక చక్రానికి 625. ఆర్మ్‌ల అమరిక కొంత ఆపుతుంది, లేకపోతే 30 మి.మీ. కూర్చోవాలి. ఈ ఇంజను 3000 ఆర్పీఎం దగ్గరే మొత్తం టార్క్ ఇచ్చేస్తుంది కాబట్టి, సిగ్నల్ దగ్గర బయల్దేరిన ప్రతిసారీ వెనక ఇంత బరువు పడుతుంది. వెనక బంప్ స్టాప్ మీద కూర్చున్న బండికి చక్రం పట్టు ఒక్కసారిగా మారుతుంది, తడి రోడ్డు మీద అది టెన్షన్ పెట్టే విషయం.

ఒక స్నేహితుడు సూపర్‌ఛార్జర్ ఇంకా వేగంగా తిరిగేలా చిన్న పుల్లీ వేసి బూస్ట్ (గాలి ఒత్తిడి) పెంచమని మూడేళ్లుగా చెబుతున్నాడు. ఈ లెక్క అయ్యాక ఆ ఆలోచన పూర్తిగా పక్కన పెట్టేశాను.

జూలై 19, శనివారం

స్పీడ్ బ్రేకర్లు కొలిచాను. ఇది ముందే చేయాల్సింది.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఐఆర్‌సీ 99 ప్రకారం గుండ్రటి స్పీడ్ బ్రేకర్ వెడల్పు 3.7 మీటర్లు, ఎత్తు 10 సెం.మీ., వంపు వ్యాసార్ధం 17 మీటర్లు. ఇంత వెడల్పుంటే నా కారు నాలుగు చక్రాలూ దాని మీదే ఉంటాయి. 2715 మి.మీ. వీల్‌బేస్ మధ్యలో వంపు పైకి వచ్చేది 54 మి.మీ. మాత్రమే. అంటే నియమం ప్రకారం కట్టిన పది సెంటీమీటర్ల బ్రేకర్ మీద మామూలు కారేదీ గీసుకోదు.

మా వీధి చివరది 60 సెం.మీ. వెడల్పు, 115 మి.మీ. ఎత్తు. ఎవరో ఇల్లు కట్టినప్పుడు మిగిలిన కాంక్రీటుతో పోసింది. దాని మీద ముందు రెండు చక్రాలూ దాటాక ఆ 115 మొత్తం పొట్ట కిందే ఉంటుంది. పిల్లలు ఆడుకునే వీధి కాబట్టి బ్రేకర్ ఉండాల్సిందే, నాకు అభ్యంతరం లేదు. దాని ఆకారమే బాధ.

బండి మధ్యలో అన్నిటికంటే కిందున్నది ఎగ్జాస్ట్ పైపు జాయింటు, నేల నుంచి 162 మి.మీ. అయిదుగురు ఎక్కితే ముందు 18, వెనక 47 దిగుతుంది, మధ్యలో సగటున 32. మిగిలేది 130. ఇప్పుడు దాటగలదు. దించాక?

జూలై 26, శనివారం

మూసాపేటలో ఒకరి దగ్గర ఇదే మోడల్‌కి వాడిన లోయరింగ్ స్ప్రింగుల సెట్ ఉందంటే వెళ్లాను. ఎర్ర పెయింట్ కొత్తది, కింద పాతది. ముందు టెస్ట్ చేయించి కొంటానని అడిగితే ఒప్పుకున్నాడు, అక్కడే మంచితనం కనిపించింది. నేరుగా బాలానగర్.

ముందు 32, వెనక 54. కారు లెక్కలో పెడితే ముందు 1.43, వెనక 1.33. తిరగబడింది. ముందు మూలలు చెక్కలా ఉంటాయి, వెనక మాత్రం దాదాపు కంపెనీ మెత్తదనం. బహుశా బరువైన ఆరు సిలిండర్ల ఇంజను ఉన్న కారువి అయి ఉండాలి. చూడటానికి కారు అందంగా కూర్చునేది. నడిపితే తల ఊపేది. తిరిగిచ్చేశాను.

ఐబాక్, హెచ్ అండ్ ఆర్ లాంటి జర్మన్ కంపెనీలు డబ్ల్యూ203కి కిట్లు చేస్తాయి. ఒకే మోడల్‌కి ఇంజనును బట్టి, ముందు యాక్సిల్ బరువును బట్టి వేర్వేరు నంబర్లు ఉంటాయి. పేరు చూసి, రంగు చూసి కొనేవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే. డీజిల్ కారు కిట్ నాలుగు సిలిండర్ల పెట్రోలు కారుకి వేస్తే ముందు దిగదు, ముక్కు ఎత్తుగానే ఉంటుంది. నేను నా 800 కిలోల అంకె పట్టుకుని నంబరు వెతికాను. ఆర్డర్ పెట్టాను. పెట్టె మీద ముందు, వెనక 30 మి.మీ. చొప్పున తగ్గుతుందని ఉంటుంది.

వీల్ సైజు, టైర్లు ముట్టుకోవడం లేదు. తయారీదారు స్పెసిఫికేషన్‌కి, ఆర్సీకి తేడా వచ్చే మార్పులు చేయకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది, 2019 జనవరిలో సుప్రీం కోర్టు కూడా దాన్ని గట్టిగా చెప్పింది. దించడం కూడా మార్పే కాబట్టి, ఎంత తక్కువ దించితే అంత నయమని మనసులో ఉంది.

ఆగస్టు 9, శనివారం

కిట్ వచ్చింది. చెల్లి రాఖీ కట్టి వెళ్లగానే సంచి సర్దుకుని మళ్లీ బాలానగర్. పెద్దాయన ఈసారి డబ్బు తీసుకోలేదు.

ఇవి ప్రోగ్రెసివ్ స్ప్రింగులు. పై చుట్లు దగ్గరదగ్గరగా ఉంటాయి, మొదటి 30 మి.మీ.లో అవి ఒకదానికొకటి అంటుకుపోతాయి. ఆ మెత్తని భాగం బండి బరువుకే మూసుకుపోతుంది. దాని పని స్ప్రింగు వదులవకుండా చూడటం. బండి నిలబడ్డ ఎత్తులో గట్టితనమే మనకి కావాల్సింది. ముందు 26, వెనక 60. చక్రం దగ్గర 23.5, 24.6. ఊగే వేగం ముందు 1.29, వెనక 1.41. క్రమం నిలబడింది! పాతదానికంటే పదో వంతు చురుకు, అంతకు మించి కాదు. నాకు కావాల్సింది సరిగ్గా ఇదే.

ఇప్పుడు ఎత్తు. ముందు స్ప్రింగు మోసేది 3700 న్యూటన్లు. పాతదాన్ని, కొత్తదాన్ని ఒకే 3700 దగ్గర నొక్కి పొడవు కొలిస్తే తేడా 21 మి.మీ. చక్రం దగ్గర 22. వెనక 4830 న్యూటన్ల దగ్గర తేడా 16 మి.మీ., దాన్ని 0.64తో భాగిస్తే చక్రం దగ్గర 25. పెట్టె మీద 30 ఉంది కదా అంటే, వాళ్లు కొత్త స్ప్రింగుతో పోల్చి రాస్తారు. నావి 18 ఏళ్లు మోసి ఇప్పటికే కొంత కుంగినవి.

వెనక 25 అంటే 60లో 35 మిగులుతుంది. అయిదుగురు ఎక్కితే కొత్త స్ప్రింగుతో 40 దిగుతుంది. అంటే అమ్మ, పిల్లలు ఎక్కి కూర్చోగానే, బండి ఇంకా గేటు దాటకముందే, బంప్ స్టాప్ మీద కూర్చుంటుంది. ఎగ్జాస్ట్ జాయింటు లెక్క కూడా అంతే: ఖాళీ బండికి సగటున 23.5, మనుషులకి 27.5 దిగితే మిగిలేది 111. బ్రేకర్ 115.

కాసేపు నిరాశపడ్డాను. తర్వాత రబ్బరు ప్యాడ్లు గుర్తొచ్చాయి.

నా వెనక ప్యాడ్లు రెండు బొడిపెలవి. నాలుగు బొడిపెలవి తెప్పిస్తే 10 మి.మీ. మందం ఎక్కువ. 16లో 10 తీసేస్తే 6, చక్రం దగ్గర 9. వెనక 9 మి.మీ. మాత్రమే దిగుతుంది. 60లో 51 మిగిలి, అయిదుగురికి 40 పోగా 11. కంపెనీ ఎత్తులో 13 ఉండేది, ఇప్పుడు 11. పొట్ట కింద 119. బ్రేకర్ మీద నాలుగు మి.మీ. ఖాళీ. గట్టితనం పెరిగింది, ముందు కావాల్సినంత దిగింది, వెనక మనుషుల చోటు మనుషులకే ఉంది. ప్యాడ్లు సికింద్రాబాద్‌లో స్పేర్ పార్టుల వ్యాపారికి చెప్పాను. వారం అన్నాడు.

ఆగస్టు 17, ఆదివారం

బిగించాం. పొద్దున ఎనిమిదికి మొదలుపెడితే సాయంత్రం అయిదు.

షాకప్‌లు నాలుగూ కొత్తవి వేశాను. 18 ఏళ్లవి చేత్తో నొక్కితే తిరిగి లేవడం లేదు. లోయరింగ్ స్ప్రింగులకి బిల్‌స్టీన్‌లో బీ8 అని పొట్టి రకం ఉంది, మామూలు ఎత్తుకి బీ4, బీ6. 40 మి.మీ. దించేవాళ్లకి పొట్టివి తప్పనిసరి. నేను దించేది 22, 9. మామూలు పొడవే చాలనుకున్నాను, అయితే ఒక పరీక్ష పెట్టుకున్నాను: చక్రం పూర్తిగా వేలాడినప్పుడు స్ప్రింగు కప్పులో బిగుతుగా ఉండాలి. లేపి చూశాం. ముందు ఇంకా 12 మి.మీ. నలిగి ఉంది. వెనక చేత్తో తిప్పినా కదల్లేదు. సరిపోయింది.

ముందు స్ట్రట్ విప్పేటప్పుడు స్ప్రింగు కంప్రెసర్ వాడతాం. మేస్త్రీ కుర్రవాడు దాన్ని మోకాళ్ల మధ్య పెట్టుకోబోతే ఆపాను. 140 మి.మీ. నలిగిన ఆ స్ప్రింగులో దాదాపు 210 జౌల్స్ ఉంటాయి. పది కిలోల బియ్యం సంచి రెండు మీటర్ల ఎత్తు నుంచి మీద పడినంత. గోడ వైపు తిప్పి, రెండు కొక్కేలూ ఎదురెదురుగా వేసి, రెండు వైపులా ఒక్కో మర చొప్పున తిప్పమన్నాను. మేస్త్రీ కూడా "అన్న చెప్పినట్టు చెయ్" అని పక్కనే నిలబడ్డాడు.

ఇంకొకటి, చాలా చోట్ల వదిలేసేది. ఆర్మ్‌ల బుష్‌ల (కీళ్లలో ఉండే రబ్బరు ముక్కల) బోల్టులు బండి గాల్లో ఉండగా చివరిదాకా బిగించకూడదు. రబ్బరు ఆ వేలాడే భంగిమలోనే అతుక్కుపోతుంది, కిందికి దించగానే మెలిపడి, ఏడాది తిరక్కుండానే చిరుగుతుంది. ఎత్తు కూడా తప్పు చూపిస్తుంది. చేత్తో బిగించి, బండిని చక్రాల మీద నిలబెట్టి, అటూ ఇటూ దొర్లించి, ఆ తర్వాత టార్క్ రెంచ్. నేలకీ బండికీ మధ్య పడుకుని ఈ పని చేయడానికే రెండు గంటలు పట్టింది.

ఫెండర్ అంచు కొలతలు: ముందు ఎడమ 20, కుడి 19 దిగింది. వెనక 7, 8. కొత్త స్ప్రింగులు ఇంకొంచెం కుంగుతాయి. ముందు సందులో ఇప్పుడు మూడు వేళ్లు పడతాయి. వీధిలో ఎవరూ గమనించలేదు. నేను మాత్రం మేడ మెట్ల మీద నుంచి చాలాసేపు చూస్తూ నిలబడ్డాను.

ఆగస్టు 24, ఆదివారం

350 కి.మీ. తిరిగాను. ముందు 22, వెనక 9. లెక్క మి.మీ.కి సరిపోయింది.

సాయంత్రం ఇంట్లో అందరినీ ఎక్కించి బ్రేకర్ పరీక్ష. చిన్నదాని స్కూలు క్లే తీసుకుని, బ్రేకర్ నెత్తిన మూడు చోట్ల సన్నగా పరిచాను, ఒకటి 2 మి.మీ., ఒకటి 4, ఒకటి 6. నడక వేగంతో నేరుగా దాటాను. దిగి చూస్తే రెండు, నాలుగు అలాగే ఉన్నాయి, ఆరుది పైన నున్నగా నొక్కుకుంది. చిన్నది "తగిలింది నాన్నా, తగిలింది" అని గెంతింది. నిండు బండితో, నిదానంగా వెళితే దాటుతుంది. వేగంగా వెళితే ముందు భాగం దిగి కచ్చితంగా గీసుకుంటుంది, కాబట్టి ఇక్కడ నిదానమే.

ఉప్పల్ దాటాక ఫ్లైఓవర్ స్తంభాల పక్క రోడ్డు మీద వెనక షాకప్ కడ్డీకి జిప్ టై కట్టి నడిపాను. అది ఎంత దాకా తోసుకుపోయిందో చూస్తే చక్రం ఎంత పైకి వచ్చిందో తెలుస్తుంది. నేనొక్కణ్నే ఉంటే బంప్ స్టాప్‌కి ఇంకా చాలా దూరంలో ఆగింది.

ఘట్‌కేసర్ దగ్గర అవుటర్ ఎక్కి శంషాబాద్ దాకా. ర్యాంపు మలుపులో బండి ఒకసారి వాలి, అక్కడే ఆగుతోంది. ముందు వాలి, ఆగి, మళ్లీ కొంచెం వాలేది. పెడల్ నొక్కితే ముక్కు లేవడం పూర్తిగా పోలేదు, సగం తగ్గింది. సూపర్‌ఛార్జర్ ఈల వింటూ, చక్రాలు రోడ్డుని పట్టుకోవడం చేతుల్లో తెలుస్తూ నడపడం ఇన్నేళ్లలో ఇదే మొదటిసారి.

ఆగస్టు 30, శనివారం

అలైన్‌మెంట్. స్ప్రింగులు కుంగి స్థిరపడేదాకా ఆగి చేయించాను. వెనక క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికి వాలే కోణం) మైనస్ 1 డిగ్రీ 15 నిమిషాల నుంచి మైనస్ 1 డిగ్రీ 25 నిమిషాలైంది, అంతే. ఈ కారులో వెనక క్యాంబర్ మార్చడానికి కంపెనీ సర్దుబాటు లేదు, టో (పైనుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) మాత్రమే ఉంది. వెనక ఇంకా దించి ఉంటే టైర్ల లోపలి అంచు అరుగుతుంటే చూస్తూ కూర్చోవాల్సి వచ్చేది. టో సరిచేశారు. ముందు టో కూడా. స్టీరింగ్ నిటారుగా వచ్చింది. హెడ్‌లైట్లు కొంచెం కిందికి కొడుతున్నాయి, స్క్రూ ఒకటిన్నర మరలు తిప్పాను.

ఆగస్టు 31, ఆదివారం

సూర్యాపేట. అయిదుగురం, డిక్కీలో అమ్మ సామాను, వినాయక చవితికి పెద్దమ్మ పంపిన పిండివంటల డబ్బాలు తిరిగివ్వడానికి. వెనక రెండు షాకప్‌లకీ జిప్ టైలు కట్టి బయల్దేరాను.

ఎల్బీ నగర్ నుంచి హయత్‌నగర్ దాకా వీధివీధికీ మండపాలు, నెమ్మదిగానే సాగింది. అబ్దుల్లాపూర్‌మెట్ దాటాక రోడ్డు తెరుచుకుంది. వంతెనల దగ్గర రోడ్డు కలిసే చోట ఉండే మెట్టు ఇదివరకు బండిని రెండుసార్లు ఊపేది. ఇప్పుడు ఒక్క తాకిడి, ఆ వెంటనే నిశ్శబ్దం. కొంచెం గట్టిగానే తెలుస్తోంది, అది అబద్ధం చెప్పను.

సూర్యాపేటలో దిగగానే మొదట వెనక చక్రాల పక్కన పడుకుని చూశాను. ఎడమ జిప్ టై బంప్ స్టాప్‌ని తాకింది, ఒక్కచోట, గీత సన్నగా ఉంది. చౌటుప్పల్ దగ్గర చూసుకోకుండా ఎక్కించిన గుంత అది. కుడిది తాకలేదు. నిండు బండికి ఇది బాగానే ఉన్నట్టు.

లేచి చేతులు దులుపుకుంటుంటే పెద్దమ్మ వాకిట్లో అమ్మని అడుగుతోంది, ప్రయాణం ఎలా జరిగిందని. "ఏమో అక్కా, రామోజీ ఫిల్మ్ సిటీ దాటింది గుర్తుంది. తర్వాత నిద్రపట్టింది. మళ్లీ నకిరేకల్‌లోనే లేచా" అంది.